గింజకు వేడి తగిలితే నూనె చెడిపోతుందా? ఈ గొడవ ఎక్కడ మొదలైంది

ఉప్పల్‌లో మా ఇంటి చుట్టుపక్కల ఈ మధ్య గానుగ నూనె షాపులు చాలా వచ్చాయి. వెళ్లినవాళ్లు ముందు అడిగేది ఒకటే, "గింజలు వేడి చేస్తారా?" అని. చేస్తామంటే వెనక్కి తిరుగుతారు. వేడి అంటే కల్తీయే అన్నంత భయం. నాకిది బాధగా ఉంటుంది, ఎందుకంటే గింజను వేడి చేసి నూనె తీయడం మనకు మిల్లులు నేర్పిన పని కాదు.

వంటాముదం అనే మాటే చూడండి. పాలమూరు, నల్గొండ వైపు ఆముదాలు పండిన ఇళ్లలో గింజల్ని వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి చాలాసేపు మరిగించి, పైకి తేలిన నూనెను తీసి తేమ పోయేదాకా మళ్లీ కాచేవాళ్లు. ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. అది ప్రొటీన్, నూనెలో కరగదు, వేడికి దాని శక్తి పోతుంది. నువ్వులు, పల్లీలకు ఇంత అవసరం లేదు, ఎండబెట్టి గానుగలో వేస్తే చాలు. గానుగ కూడా తిరిగేకొద్దీ రాపిడికి వెచ్చబడుతుంది.

గొడవంతా పెద్ద యంత్రాలతో వచ్చింది. ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా 1795లో ద్రవం ఒత్తిడితో నొక్కే హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ తీసుకున్నాడు, అమెరికాలో ఆండర్సన్ 1900లో గింజను మరతో నొక్కుతూ ఆగకుండా నడిచే స్క్రూ ప్రెస్‌కు పేటెంట్ తెచ్చాడు, మనం ఎక్స్‌పెల్లర్ అంటున్నది దాన్నే. మిల్లుల్లో నలిపిన గింజకు ముందు ఆవిరితో వేడి పట్టిస్తారు, సుమారు 80 నుంచి 100 డిగ్రీల దాకా. గింజలో నూనె సన్నటి బొట్లుగా ప్రొటీన్ మధ్య ఇరుక్కుని ఉంటుంది. వేడికి ఆ ప్రొటీన్ ఉడికిన గుడ్డులా గట్టిపడుతుంది, బొట్లు ఒకదాంతో ఒకటి కలుస్తాయి, నూనె పల్చబడి జారుతుంది, తేమ తగ్గడంతో స్క్రూకు పట్టు దొరుకుతుంది. నూనె పిండాక మిగిలే పిప్పిని చెక్క అంటారు, అందులో మిగిలిపోయే నూనె తగ్గుతుంది, మిల్లువాళ్లకు కావలసింది అదే.

కానీ మోతాదు దాటితే రంగు ముదురుతుంది, మాడు వాసన వస్తుంది, జిగురు పదార్థాలు కూడా నూనెలోకి దిగుతాయి. వాటిని పోగొట్టడానికి రిఫైనింగ్, అందులో రంగూ రుచీ వాసనా అన్నీ పోతాయి. జనానికి కోపం వచ్చింది ఈ రుచిలేని నూనె మీద, ఆ కోపం మొత్తం వేడి మీదికి మళ్లింది. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ కూడా వేడి తగిలిన నూనెను చెడ్డదనలేదు: వేడి లేకుండా తీస్తే కోల్డ్ ప్రెస్డ్, యంత్రంతో పాటు వేడి మాత్రమే వాడితే వర్జిన్, అంతే తేడా. కాబట్టి వేడి చేసి కోల్డ్ ప్రెస్డ్ అని అమ్మితే అది అబద్ధమే, అక్కడ నిలదీయాల్సిందే.

నాకు అసలు టెన్షన్ బూజు పట్టిన పల్లీల గురించి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పల్లీల్లో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ విషం మామూలు వేపుడుకు పూర్తిగా పోదు. ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోయినా కొంత నూనెలోకి రావచ్చు, రిఫైన్ చేయని గానుగ నూనెలో దాన్ని తీసేసే దశ ఉండదు. అందుకే నేను షాపుకు వెళ్తే బస్తా మూతి విప్పమని అడిగి, గుప్పెడు పల్లీలు తీసి నల్లబడినవి, ముడతలు పడినవి ఎన్ని ఉన్నాయో చూసి, వాసన చూసి, ఆ తర్వాతే వేడి సంగతి అడుగుతాను.