కుక్కపిల్ల కొరుకుడు: కొట్టే ముందు తెలుసుకోవలసిన వాస్తవాలు

గత వేసవిలో ముమ్మిడివరం వైపు నుంచి ఒక పెద్దాయన నాలుగు నెలల లాబ్రడార్ పిల్లను ఆటోలో తీసుకొచ్చారు. రెండు రోజులుగా తిన్నదంతా కక్కేస్తోందని, మంచినీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదని చెప్పారు. పొట్ట తడిమి చూస్తే పేగులో ఒకచోట గట్టిగా చేతికి తగిలింది. ఆపరేషన్ చేసి తీస్తే అది ఆయన మనవరాలి స్కూలు సాక్సు. ఇంత వస్తువును ఎలా మింగిందని అడిగితే ఆయన ఇలా అన్నారు: "నోట్లో ఏదన్నా కనబడితే చాలు, వెంటపడి లాక్కుని నాలుగు తగిలిస్తున్నామండి. అయినా బుద్ధి రావట్లేదండి డాక్టరు గారూ. ఈమధ్య మమ్మల్ని చూస్తే చాలు, గబుక్కున మింగేస్తందండి." ఆ పిల్లకు బుద్ధి వచ్చింది, అక్కడ జరిగిన అనర్థమే అది. మనిషి దగ్గరికొస్తే నోట్లోది పోతుందని, పైగా దెబ్బ పడుతుందని అది నేర్చుకుంది. ఆలోపు మింగెయ్యడం దానికి తోచిన ఉపాయం.

పదిహేడేళ్ళుగా కోనసీమలో పశువైద్యం చేస్తున్నాను. మొదట్లో నా దగ్గరికి వచ్చేవన్నీ పాడి పశువులే. ఇప్పుడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసే పిల్లలు ముచ్చటపడి కొన్న కుక్కపిల్లలు ఊళ్ళో తల్లిదండ్రుల దగ్గరికి చేరుతున్నాయి. అరుగు మీది చెప్పులు, మంచం నవారు, పెరట్లో ఈనెల చీపురు ఒకటొకటిగా పాడవుతుంటే ఆ పెద్దవాళ్ళు పడే అవస్థ నాకు తెలుసు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకు వాట్సాప్‌లో చేరుతున్న సలహాల మీద మాత్రం ఉంది.

అపోహ: తప్పు చేసిన సంగతి దానికి తెలుసు, అందుకే మనల్ని చూడగానే మంచం కింద దూరుతుంది.

మిగిలినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. కుక్క ఒక పనిని దాని ఫలితంతో ముడిపెట్టుకోవాలంటే ఆ రెండూ దాదాపు ఒకేసారి, ఒకటి రెండు సెకన్ల తేడాలో జరగాలి. పొద్దున కొరికిన చెప్పును మధ్యాహ్నం సంత నుంచి వచ్చి ముక్కు దగ్గర పెట్టి కొడితే, ఆ దెబ్బ కొరకడానికి పడిందని దానికి తెలిసే దారి లేదు. గడప దాటి వచ్చిన మీకే, మీ చేతికే అది ముడిపడుతుంది. చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, చూపు తిప్పుకునే ఆ ముఖంలో మనకు పశ్చాత్తాపం కనిపిస్తుంది కానీ, నిజానికి అది భయం. న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ ఈ విషయాన్నే 14 కుక్కల మీద పరిశీలించి 2009లో ప్రచురించారు. తినవద్దని చెప్పిన తినుబండారాన్ని కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదానితో ఆ 'తప్పు చేసిన ముఖానికి' సంబంధం కనిపించలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదానితోనే కనిపించింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలే మరింత దోషుల్లా కనిపించాయి.

మా లంక ఊళ్ళో నా చిన్నతనంలో ఒక నల్ల కుక్కపిల్ల ఉండేది. ఏది కొరికినా మా నాన్నగారు ఆ వస్తువుతోనే దాన్ని కొట్టేవారు. ఆ రోజుల్లో అందరూ చేసే పనే అది. ఏడాది తిరిగేసరికి దాని నోట్లో ఏదైనా ఉండగా ఎవరు దగ్గరికి వెళ్ళినా గుర్రుమనడం మొదలుపెట్టింది. ఒకరోజు కొబ్బరి డొక్క కొరుక్కుంటుంటే మా తమ్ముడు తీసుకోబోయాడు, చెయ్యి కరిచింది. మర్నాడు దాన్ని పడవ ఎక్కించి గోదావరి అవతలి గట్టున వదిలేసి వచ్చారు. ఆ కుక్క మంచిది కాదని ఇంట్లో అందరం చాలాకాలం నమ్మాం. వైద్యం చదివాక గానీ దానికి ఆ గుర్రు నేర్పింది మేమేనని నాకు తెలియలేదు.

అందువల్ల నోట్లో ఏదైనా కనిపించినప్పుడు వెంటపడకండి, అరవకండి. ఉడికించిన గుడ్డు ముక్కో, ఎముక లేని చికెన్ ముక్కో ముక్కు దగ్గర పెట్టండి. అది నోట్లోది వదిలిన క్షణంలోనే ముక్క ఇచ్చి, రెండో చేత్తో వస్తువు తీసుకుని, దానికి కొరుక్కోదగిన బొమ్మ అందించండి. ఇది లంచం అని కొందరు అంటారు. మనిషికి ఇచ్చేస్తే నష్టం లేదని కుక్కకు తెలిసే మార్గం ఇదే. ముమ్మిడివరం పెద్దాయన కుట్లు విప్పించడానికి వచ్చేసరికే జేబులో పొట్లం కట్టి గుడ్డు ముక్కలు పెట్టుకుని తిరుగుతున్నారు.

దీనికన్నా ముందు జరగవలసింది ఇల్లు సర్దుకోవడం. చెప్పులు అరుగు మీద కాకుండా తలుపున్న బీరువాలో ఉండాలి, ఛార్జర్ వైర్లు దాని ముక్కుకు అందని ఎత్తులో ఉండాలి, మీరు కళ్ళతో చూడలేని సమయంలో పిల్ల ఒక గదిలోనో, చిన్న గేటు కట్టిన వసారా మూలనో తన బొమ్మలతో ఉండాలి. కుక్కపిల్లకు రోజుకు 18 నుంచి 20 గంటల నిద్ర కావాలి. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ లేపి ఆడిస్తే, నిద్ర చాలక అది చేసే పని కొరకడమే. ఆషాఢ శ్రావణాల్లో ముసురు పట్టి నాలుగైదు రోజులు బయటికి తిప్పడం కుదరనప్పుడు నాకు ఫోన్లు పెరుగుతాయి. అలాంటి రోజుల్లో దాని అన్నాన్ని ఒకేసారి గిన్నెలో పెట్టకుండా, పాత తువ్వాలు మడతల్లో డ్రైఫుడ్ గింజలు దాచి, మీ కళ్ళెదుట వెతుక్కోనిచ్చి తువ్వాలు తీసేస్తే అరగంట దాని ముక్కుకూ నోటికీ పని దొరుకుతుంది.

అపోహ: కాల్షియం తక్కువై కొరుకుతుంది.

మూడో నెల దాటాక 28 పాలపళ్ళు ఊడుతూ, ఆరేడు నెలలకు 42 శాశ్వతమైన పళ్ళు పూర్తవుతాయి. చిగుళ్ళు సలుపుతాయి కాబట్టి కొరుకుతుంది, ఆ తరువాత కూడా ఏడాది దాటేవరకు అలవాటుగా కొరుకుతుంది. తడిగుడ్డను తాడులా మెలిపెట్టి ఫ్రీజర్‌లో ఉంచి మీ ఎదుట కొరకనిస్తే ఉపశమనం ఉంటుంది. కుక్కపిల్లల దాణా సరిగా తింటున్న లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతి పిల్లలకు మెడికల్ షాపులో అడిగి కాల్షియం సిరప్ పట్టించడం ప్రమాదకరం. ఆ వయసులో పేగుకు అదనపు కాల్షియంను అడ్డుకునే శక్తి లేదు, ఆ అదనం ఎముకల ఎదుగుదలను చెడగొడుతుంది. గోడ సున్నం, మట్టి అదే పనిగా తింటుంటే మాత్రం డీవార్మింగ్ (నులిపురుగుల మందు పట్టించడం) ఎప్పుడు చేయించారో చూసుకుని డాక్టరుకు చూపించండి.

అపోహ: కొరుకుతోందంటే పిచ్చి పట్టినట్టే.

చక్కగా తింటూ, ఆడుతూ, పిలిస్తే వస్తూ చెప్పులు కొరికే పిల్లది పళ్ళ వయసు. రేబిస్ వచ్చిన కుక్క ప్రవర్తనే మారిపోతుంది. మింగలేక చొంగ కారుస్తుంది, తూలుతుంది, కొద్ది రోజుల్లో చనిపోతుంది. అయినా, టీకా పడని పిల్ల పన్ను తగిలి చర్మం గీరుకుంటే 15 నిమిషాలు సబ్బు నీళ్ళతో కడిగి ఆస్పత్రికి వెళ్ళడం అనుమానం కాదు, జాగ్రత్త. దానికి సిగ్గుపడవద్దు.

కారం పూస్తే మానేస్తుందన్నది మరో మాట. కారం కళ్ళలో పడి ఎర్రబడ్డ కుక్కపిల్లలను తీసుకొస్తూనే ఉన్నారు; ఆ పని చేయకండి. పాత చెప్పు ఇస్తే కొత్తది ముట్టుకోదని అంటారు, కానీ రెండింటిలోనూ మీ కాలి చెమట వాసనే ఉంటుంది కాబట్టి దానికి ఆ తేడా తెలియదు. ఉడికిన కోడి ఎముకలు చీలికలుగా విరిగి పేగుకు గుచ్చుకుంటాయి, ఇవ్వకూడదు. కొబ్బరి డొక్క కూడా ఇవ్వకండి, ఆ పీచు పొట్టలో ఉండ కడుతుంది. ఏ బొమ్మనైనా బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. కొంచెమైనా నొక్కు పడకపోతే అది పన్ను విరిచేంత గట్టిది.

ఇక ఆలస్యం చేయకూడనివి. పిల్ల పదేపదే కక్కుతూ అన్నం ముట్టకపోతే పేగు అడ్డుపడిందేమోనని అనుమానించి అదే రోజు తీసుకురండి. పంజాతో మూతి గీక్కుంటూ చొంగ కారుస్తుంటే చీపురు పుల్ల పై దవడ పళ్ళ మధ్య అడ్డంగా ఇరుక్కుని ఉండవచ్చు, నెలకు ఒకటైనా ఇలా తీస్తాను. గేలపు దారం నోటి నుంచి గానీ వెనుక నుంచి గానీ వేలాడుతుంటే లాగవద్దు, లాగితే పేగు కోసుకుపోతుంది. కరెంటు వైరు కొరికిన పిల్ల లేచి తిరుగుతున్నా చూపించండి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం గంటల తరువాత బయటపడవచ్చు. పొలం గట్టున పెట్టిన ఎలుకల మందు నోట పెట్టిందని తెలిస్తే, అది హుషారుగా ఉందని ఆగకండి. కొన్ని మందులకు రక్తస్రావం రెండు మూడు రోజులకు గానీ మొదలవదు. వచ్చేటప్పుడు ఆ మందు ప్యాకెట్టు కూడా తీసుకురండి, ఏ మందో తెలిస్తేనే విరుగుడు ఉందో లేదో నేను చెప్పగలను.