దీపావళి నాటి ఆస్పత్రి: ఒక నవల మీద తగువు వెనక

చెన్నై కె.కె. నగర్‌లో నెలకోసారి కలిసే మా తెలుగు చదువరుల గుంపు మళ్ళీ రెండుగా చీలింది. ఈసారి పేచీ శ్రీలంక యుద్ధంలో నలిగిన ఒక జాఫ్నా (లంక ఉత్తరాన తమిళుల ఊరు) కుటుంబం నవల మీద. భారత సైన్యం కనిపించే అధ్యాయం పైకి చదవొద్దని కొందరు, చదవాల్సిందేనని కొందరు. ‘‘అసలు అప్పుడేమైందో ఆదివారం లోపు రాసిపెట్టండి’’ అని నా నెత్తిన పెట్టారు.

సింహళమే అధికార భాష అన్న 1956 చట్టం, తమిళుల మీద 1983 జూలై మారణకాండ చెన్నైలో ఉంటున్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. తగువంతా 1987 అక్టోబరులో ఉంది.

ఆ జూలై 29న రాజీవ్ గాంధీ, లంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నారు. పులులు, అంటే తమిళ ఈలం కోసం పోరాడే ఎల్‌టీటీఈ, ఆయుధాలు అప్పగించాలి; శాంతి కాపాడ్డానికి మన సైన్యం వెళ్ళాలి. అలా వెళ్ళిన శాంతి సేనకు జాఫ్నా జనం దండలేసి ఎదురొచ్చారు. సెప్టెంబరు 26న నల్లూరు గుడి దగ్గర, మంచినీళ్ళు కూడా ముట్టకుండా దీక్ష చేసిన పులుల నాయకుడు తిలీపన్ పోయాడు. అక్టోబరు 5న పట్టుబడ్డ పులుల్లో 12 మంది సైనైడ్ మింగి చనిపోయారు. ఆ వారం తిరక్కుండానే, దండలు వేయించుకున్న సైన్యం జాఫ్నా మీదికే కదిలింది.

మా గుంపులో అప్పుడు అక్కడ పనిచేసిన రిటైర్డ్ సుబేదారు ఒకాయన ఉన్నారు. అందరికీ బాబాయిగారే. ‘‘ఇందులో జవాన్లకి మొహాల్లేవమ్మా’’ అంటారు. అక్టోబరు 11 అర్ధరాత్రి దాటాక జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మందిలో 29 మంది చనిపోయారు. మొత్తమ్మీద మనవాళ్ళు వెయ్యిమందికి పైగా పోయారు. నవలలో ఆ ఊసు లేదు, నిజమే.

కానీ ఈ నవల కూర్చున్నది ఆస్పత్రి వార్డులో. అక్టోబరు 21, దీపావళి. జాఫ్నా ఆస్పత్రిలో రోగులతో పాటు తలదాచుకోవడానికొచ్చినవాళ్ళూ ఉన్నారు. పులులు లోపలికొచ్చిన మాట నిజమేననీ, డాక్టర్లు బతిమాలి పంపేశారనీ సిబ్బంది చెప్పారు. సైన్యం మాత్రం లోపల్నుంచి కాల్పులొచ్చాయంది. సాయంత్రం జవాన్లు ప్రవేశించి కాల్పులు జరిపారు. బతికున్నవాళ్ళు రాత్రంతా శవాల మధ్య శవాల్లా పడుకున్నారు. మర్నాడు పొద్దున పిల్లల డాక్టరు ఒకాయన, నర్సులతో కలిసి చేతులు పైకెత్తి, మేం డాక్టర్లం, నర్సులం అంటూ బయటికొస్తే ఆయన్నీ కాల్చేశారు. దాదాపు 70 మంది పోయారు. పులుల తప్పులనీ మన సైన్యం తప్పులనీ కలిపి నమోదు చేసిన జాఫ్నా యూనివర్సిటీ అధ్యాపకుల్లో ఒకరు, డాక్టర్ రజని తిరణగమ, 1989 సెప్టెంబరులో సైకిలు మీద ఇంటికెళ్తూ తూటాకు బలయ్యారు. ఆ హత్య పులుల పనేనని ఆమె సహచరుల మాట.

బాబాయిగారి బాధకి ఇంకో తేదీ కూడా ఉంది. 1990 మార్చిలో చివరి దళాలు ఓడలో మద్రాసు రేవుకొస్తే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్ళలేదు. నవలాకారుడి మీద ఆయన కోపంలో సగం ఆ రేవుదేనని నా అనుమానం.

గుంపులో తిరిగే కాపీ ఇప్పుడు నా దగ్గరుంది. బాబాయిగారు పెన్సిలుతో పేజీ పేజీకీ ‘తప్పు’ అని రాసుకుంటూ వచ్చారు. మంచం కింద నక్కిన తల్లి, ఏడుస్తున్న బిడ్డ నోటికి పాల ఫ్లాస్కు మూత ఆనించే చోట గీతొకటి సగంలో ఆగింది. ఆ తర్వాత పేజీల మీద పెన్సిలు పడలేదు.