నీళ్ళు తాగని పెద్దమ్మ

గంజాం జిల్లా బరంపురంలో మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చాక సేవంతా ఇంట్లోనే. పగలు ఆయా, కట్టు మార్చడానికి రెండ్రోజులకోసారి నర్సు. ఇద్దరూ ఒడియావాళ్ళు. నర్సు "కెమితి అఛంతి?" (ఎలా ఉన్నారు?) అంటే పెద్దమ్మ "భొలొ అఛి" (బాగున్నాను) అనేది. ఆవిడ అటు వెళ్ళగానే నాతో తెలుగులో, "ఇంకా ఎన్నాళ్ళే? మీకు బరువైపోయాను" అనేది. కూరగాయల బేరం ఒడియాలో దంచేసే మనిషికి దిగులు చెప్పుకోవడానికి తెలుగే కావలసివచ్చింది.

మంచం పక్కన చెంబులో పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికీ అలాగే ఉండేవి. దాహం లేదేమో అనుకున్నాం. నీళ్ళు తాగితే బెడ్‌పాన్ కోసం ఆయాని పిలవాలి కదా, అందుకని నోరు ఎండగట్టుకుంటోంది! ఈ వయసులో నీళ్ళు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మతి తడబాటు తొందరగా వస్తాయి.

"నేను వీళ్ళకి భారం", "నాకంటూ ఎవరూ లేరు" - ఈ రెండూ కలిసి, ఇక మారేదేమీ లేదనిపిస్తే చావాలన్న కోరిక పుడుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ జాయినర్ ప్రతిపాదించాడు. మంచాన పడ్డవాళ్ళకి మొదటిది సేవతోపాటే వచ్చేస్తుంది. మనం ఎంత ప్రేమగా చేస్తే వాళ్ళకి అంత మొహమాటం.

"దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు" అంటే ముసలివాళ్ళ మాటలే అని వదిలేస్తాం. చాలాసార్లు అది ఉత్తమాటే కావచ్చు. డాక్టర్లు మాత్రం దాన్నీ పట్టించుకుంటారు. పైగా పెద్దవయసు డిప్రెషన్ ఏడుపు లేకుండా ఒంటినొప్పులుగా, ఆకలి మందగించడంగా బయటపడొచ్చు. జబ్బుతోనూ అవే వస్తాయి గనక వృద్ధుల కోసం 1980లలో తయారైన డిప్రెషన్ ప్రశ్నావళిలో నిద్ర, ఆకలి ఊసెత్తలేదు. అన్నిటికీ అవును, కాదు అంటే చాలు.

నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. పరిశోధనల్లో అలా తేలలేదు. ఒకరోజు అడిగేశాను: "పెద్దమ్మా, చచ్చిపోవాలనిపిస్తోందా?" చాలాసేపు ఇంటి పైకప్పుకేసి చూసి, "అనిపిస్తోందమ్మా" అంది. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదల్లేదు. ప్రమాదమయ్యేవన్నీ చేతికందకుండా సర్దాం. మర్నాడు మానసిక వైద్యుణ్ణి కలిశాం. దగ్గర్లో డాక్టరు లేనివాళ్ళకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 ఉంది. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఈలోగా ఆయాకి తెలుగు నేర్పే పని పెద్దమ్మకి అప్పజెప్పాం. "మంచినీళ్ళు" అని సరిగ్గా పలకలేదని నిన్న దాన్ని తిట్టింది కూడా.