‘వందన సమర్పణ మేడం గారు చేస్తారు’: లైబ్రేరియన్ల సదస్సుల మీద అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేస్తున్నాను, పంతొమ్మిదేళ్లయింది. సెమినార్లు, వర్క్‌షాపులు, రిఫ్రెషర్ కోర్సులు కలిపి ముప్పైకి పైగా వెళ్లుంటాను, నాలుగు నిర్వహించాను కూడా. మన వృత్తిలో సభ అంటే చిన్న విషయం కాదు. 1914లో బెజవాడలో జరిగిన సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, ఊరూరా లైబ్రరీలు వెలిసింది అలా నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోబట్టే. అందుకే సభలో మైకు ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అన్నది నాకు పట్టింపు. సభల్లో ఆడవాళ్ల గురించి ఎక్కడికెళ్లినా వినే మాటలు కొన్నున్నాయి, వాటి గురించే ఇది.

అపోహ: “మన ఫీల్డులో ఆడవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఇంకా ఈ చర్చ ఎందుకు?”

వాస్తవం: హాల్లో ఎంతమంది ఉన్నారో కాదు, ఆహ్వాన పత్రిక తీసి చూడండి. ప్రార్థన గీతం, యాంకరింగ్, రిజిస్ట్రేషన్ టేబుల్, అతిథులకు బొకేలు, చివర్లో వందన సమర్పణ మేడమ్‌లకి. కీలకోపన్యాసం, సెషన్ చైర్, రిసోర్స్ పర్సన్ (విషయం తెలిసిన వక్తగా పిలిచే మనిషి) సార్లకి. నేను వెళ్లినవాటిలో ఎక్కువ భాగం ఇంతే. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1876లో ఫిలడెల్ఫియాలో మొదలైనప్పుడు వచ్చిన 103 మందిలో ఆడవాళ్లు 13 మందే. తర్వాత ఆ దేశంలో ఈ ఉద్యోగంలోకి ఎక్కువగా స్త్రీలే వచ్చారు, ఇప్పుడు అక్కడ ప్రతి ఐదుగురు లైబ్రేరియన్లలో దాదాపు నలుగురు వాళ్లే. అయినా మొదటిసారి ఒక మహిళ, థెరిసా వెస్ట్ ఎల్మెండార్ఫ్, ఆ సంఘానికి అధ్యక్షురాలు కావడానికి 1911 దాకా పట్టింది.

ఇంకో సంగతి మనకు క్లాసులో చెప్పలేదు. పుస్తకాలను విషయాలవారీగా నంబర్లతో సర్దడానికి మనం రోజూ వాడే దశాంశ వర్గీకరణ తయారుచేసిన మెల్విల్ డ్యూయీ 1905లో ఆ అమెరికన్ సంఘం వాళ్లంతా కలిసి వెళ్లిన యాత్రలో తోటి మహిళలతో అసభ్యంగా ప్రవర్తించాడని ఫిర్యాదులు వచ్చాయి, దాంతో ఆయన సంఘానికి దూరం కావాల్సి వచ్చింది. ఆ సంఘం ఇచ్చే పతకం మీంచి ఆయన పేరు తీసేసింది మాత్రం 2019లో. కాబట్టి బస ఎక్కడ, రాత్రి స్టేషన్ నుంచి ఎవరు తీసుకొస్తారు, ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి అని మేం ముందే అడిగితే దయచేసి అతిగా ఆలోచిస్తున్నామనుకోకండి.

అపోహ: “పిలుస్తూనే ఉన్నాం, వాళ్లే రారు.”

వాస్తవం: ఎప్పుడు పిలిచారు, ఎక్కడికి పిలిచారు, ఎన్ని గంటలకి వదిలిపెడతారు? శాఖా గ్రంథాలయం ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచి ఉండాలి, చాలాచోట్ల మనిషి ఒక్కరే, వారం సెలవు శుక్రవారం. మనం సదస్సు పెట్టేది శని, ఆదివారాల్లో. టెక్కలి, పాలకొండ వైపు నుంచి ఒక లైబ్రేరియన్ రావాలంటే లైబ్రరీకి తాళం వేసి రావాలి, ఆమె రాలేదంటే ఆసక్తి లేదని మనం రాసేసుకుంటున్నాం.

నా సంగతే చెప్తాను. కొన్నేళ్ల కిందట విజయవాడ వైపు ఒక సెమినార్‌కి ఆమదాలవలసలో రాత్రి రైలెక్కి వెళ్లాను. సాయంత్రం నాలుగు దాటితే మా రీడింగ్ రూములో అమ్మాయిలు ఎందుకు కనబడరు అన్నది నా పేపరు, రెండేళ్ల గేట్ రిజిస్టర్లు ముందేసుకుని, పిల్లల్ని అడిగి, బస్సుల టైములతో సరిపోల్చి రాశాను. పదింటికి మొదలవ్వాల్సిన ప్రారంభ సభ పదకొండున్నరకి మొదలైంది, వేదిక మీద తొమ్మిది మంది, అందరికీ శాలువాలు, అందరి ప్రసంగాలు. భోజనాలయ్యేసరికి రెండున్నర దాటింది. మూడింటికి నాకిచ్చిన టైము జరిగి జరిగి ఐదుంపావుకి వచ్చింది. రెండో స్లయిడులో ఉండగా చైర్‌లో ఉన్నాయన “మేడం, రెండు నిమిషాల్లో ముగించేయండి” అన్నారు. అప్పటికే సగంమంది సర్టిఫికెట్ల కోసం బయట లైన్లో ఉన్నారు. బస్సు వెళ్లిపోతుందని లైబ్రరీ వదిలి పరిగెత్తే అమ్మాయిల గురించి చెప్తూ, నా రైలు వెళ్లిపోతుందని నేను పరిగెత్తాను. గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాసిన రంగనాథన్ గారి నాలుగో సూత్రం పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది, 1931 నాటి మాట అది. సభకి వచ్చినవాళ్ల సమయానికీ అది వర్తిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: “ప్రశ్నలడగమంటే లేడీస్ నోరు విప్పరు.”

వాస్తవం: 10 దేశాల్లో దాదాపు 250 అకడమిక్ సెమినార్లను గమనించి 2018లో ఒక అధ్యయనం వచ్చింది. హాల్లో ఉన్న సంఖ్యతో పోల్చినా ఆడవాళ్లు తక్కువ ప్రశ్నలు అడుగుతున్నారు, నిజమే. కానీ మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగిన చోట ఆ తేడా ఇంకా పెరుగుతోంది. అంటే సభ నడిపేవాళ్ల చేతిలో ఉన్నది కొంత ఉంది. మేం చేసింది చిన్నదే: ప్రసంగం అవగానే మూడు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడుకోమంటాం, చీటీ మీద రాసిచ్చినా సరేనంటాం, మొదటి మైకు వెనక వరుసలో ఉన్న మేడమ్‌కి ఇస్తాం.

అన్నిటికంటే బాగా పనిచేసింది పోస్టర్. పలాస దగ్గర ఒక శాఖ నుంచి వచ్చినావిడ మైకు అనగానే “వద్దండీ, నాకు టెన్షన్, నేను మాట్లాడలేను” అన్నారు. చార్ట్ పేపరిచ్చి, వేసవి సెలవుల్లో పిల్లలు ఏ పుస్తకాలు అడుగుతారో రాయమన్నాం. స్కెచ్ పెన్నులతో చెట్టు బొమ్మ వేసి, కొమ్మకొక పుస్తకం పేరు రాసి, ఎక్కువసార్లు చేతులు మారినవాటికి ఎర్ర చుక్కలు పెట్టారు. దాని పక్కన రెండు గంటలు నిలబడి, వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపిస్తూ చెప్పారు, మంచినీళ్లకి కూడా కదల్లేదు. ఆవిడకి మాట రాక కాదు, మనం అడిగే పద్ధతే ఆవిడకి సరిపడలేదు.

అపోహ: “సాఫ్ట్‌వేర్ సెషన్లకి సార్లయితే బాగుంటుంది.”

వాస్తవం: మనం వర్క్‌షాపుల మీద వర్క్‌షాపులు పెట్టే కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ న్యూజిలాండ్‌లో హొరోవెనువా అనే చోట లైబ్రరీల కోసం తయారై 2000లో వాడకంలోకి వచ్చింది. దాన్ని తయారు చేయించి అందరికీ ఉచితంగా ఇద్దామన్నప్పుడు ఆ లైబ్రరీల అధిపతి రోజలీ బ్లేక్ అనే మహిళ. ఇంతకన్నా చెప్పేదేముంది.

అపోహ: “ఆన్‌లైన్ పెట్టేస్తే సరిపోతుంది.”

వాస్తవం: సగం నిజం. రైలు ఖర్చు, ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) కోసం బతిమాలడం తప్పుతాయి, పాపాయి ఉన్న తల్లికి అదొక్కటే దారి. కానీ ఇంట్లో ఉన్న ఆడమనిషిని మీటింగులో ఉందని ఎవరూ అనుకోరు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ విన్నవి నాకే చాలా ఉన్నాయి. పైగా టీ దగ్గర పరిచయాలు ఉండవు, తర్వాత రిసోర్స్ పర్సన్‌గా పిలుపులొచ్చేది ఆ పరిచయాల వల్లే. రికార్డింగ్ ఇవ్వండి, దూరం నుంచి పేపరు చదివే వీలివ్వండి, అంతేగానీ ఆడవాళ్లకి ఆన్‌లైను, మగవాళ్లకి హాలు అని పంచేయకండి.

అపోహ: “మహిళల కోసం ప్రత్యేక సెషన్ పెట్టాంగా.”

వాస్తవం: భోజనం తర్వాత పెడతారు, మగవాళ్లు లేచి వెళ్లిపోతారు. అదే విషయాన్ని ఉదయం పదకొండింటికి అందరి ముందూ పెట్టండి.

అపోహ: “కమిటీలో ఎవరుంటే ఏంటి, మెరిట్ చూసే పిలుస్తాం.”

వాస్తవం: అమెరికాలో సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుల సమావేశాల లెక్కలు 2014లో ప్రచురించారు. నిర్వాహకుల్లో కనీసం ఒక మహిళ ఉన్న సెషన్లలో మహిళా వక్తల వాటా, అందరూ మగవాళ్లే ఏర్పాటు చేసినవాటికంటే 72 శాతం ఎక్కువ. మన దగ్గరా అంతే అనుకుంటాను, పేర్లు రాసేటప్పుడు ఎవరికి తెలిసినవాళ్లు వాళ్లకి గుర్తొస్తారు. అందుకని మీ కాలేజీలో సెమినార్ అనుకుంటుంటే బ్రోషర్ ప్రింటుకి వెళ్లకముందే, రిసోర్స్ పర్సన్ల పేర్లు రాసే రోజునే ఇద్దరు మేడమ్‌లని కూర్చోబెట్టుకోండి, పనిలో పనిగా ఇచ్ఛాపురం, రాజాం వైపు ఆఖరి బస్సులు ఎన్నింటికో కూడా వాళ్లనే అడిగి ముగింపు టైము వేయండి.