“మా చెల్లెలి కొడుకు, డాక్టరమ్మా”

"మావాడు కాదు డాక్టరమ్మా, మా చెల్లెలి కొడుకు." కొడుకు మత్తు అలవాటు గురించి గుమ్మం దగ్గరే నిలబడి ఇలా మొదలుపెట్టే తల్లులు నెలకు ఇద్దరైనా వస్తారు. చెల్లెలి కొడుకు కాదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

ఆసుపత్రిలో పేరు రాయిస్తే పోలీసు కేసవుతుంది, చదువు పోతుంది అన్న భయం అది. అపోహలన్నిటిలో ఎక్కువమంది పిల్లల్ని ముంచేది ఇదే. వైద్యానికి వచ్చినవాణ్ణి పట్టించడం మా పని కాదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది, మత్తు వల్ల వచ్చే జబ్బులూ దాని కిందికే వస్తాయి. ఇక మాదకద్రవ్యాల కేసులు పెట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసై వాడకం కేసులో ఇరుక్కున్నవాడు కూడా తనంతట తానే ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చేరి చికిత్స పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. పెద్దమొత్తం సరుకుతో దొరికితే మాత్రం ఈ వెసులుబాటు లేదు.

గాజువాక వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను). పిల్లాడు పదో తరగతి. ముందు తాయెత్తు కట్టించారు. తర్వాత బెల్టు దెబ్బలు. ఆపైన బడి మాన్పించి గదిలో కూర్చోబెట్టారు. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లమని ఎవరో చెబితే, "ఆ చీటీ ఇంట్లో ఉంటే రేపు చెల్లికి సంబంధాలు వస్తాయా?" అన్నాడట తండ్రి. ఎనిమిది నెలలు గడిచాయి. నా దగ్గరికి వచ్చేసరికి గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారని వాడు చెవులు మూసుకుంటున్నాడు. ఆ తండ్రిని తిట్టబుద్ధి కాలేదు. రాత్రంతా నిద్రలేని కళ్లు ఆయనవి.

మిగతా అపోహలు చకచకా. గంజాయి మన ఏజెన్సీలో పండే ఆకేగా అంటారు, ఉమ్మెత్తా ఆకే. వైట్‌నర్ చిన్నపిల్లల సరదా కాదు, మొదటిసారి పీల్చినా గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. మూత్ర పరీక్ష స్ట్రిప్‌లో పాజిటివ్ వస్తే బానిస అయ్యాడని కాదు. రోజూ గంజాయి తాగినవాడికి మానేసి నెలైనా పాజిటివ్ రావచ్చు, మళ్లీ తాగాడని కొట్టకండి. బడి దగ్గర ఎవరో మత్తు చాక్లెట్లు పంచుతున్నారనే ఫార్వర్డులు నాకు పంపడం ఇక ఆపండి. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమందికి మొదటి దమ్ము అందించింది పక్క బెంచీ స్నేహితుడే.

మానేసిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి, అన్నం సయించకపోవడం ఉంటాయి. అది పొగరు కాదు. మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితం. లేదా పిల్లాణ్ణి తేకుండా మీరొక్కరే రండి. చెల్లెలి కొడుకనే చెప్పండి, ఫర్వాలేదు.