600 డాలర్ల నిబంధన: 1099-కె వివాదానికి అసలు మలుపు

అమెరికాలో ఆన్‌లైన్ వేదికల ద్వారా సంపాదించేవారికి అందే, వారికి చేరిన చెల్లింపుల మొత్తాన్ని పన్నుల శాఖకూ తెలిపే 1099-కె ఫారం మళ్లీ చర్చకు వచ్చింది. ఏడాదిలో చెల్లింపులు 20,000 డాలర్లను, లావాదేవీలు 200ను దాటితేనే ఈ ఫారం తప్పనిసరి అన్న పాత పరిమితిని 2025 జులై 4న సంతకమైన చట్టం పునరుద్ధరించింది. ఫారం రాకుంటే పన్నూ లేదన్న అపోహ దాంతోపాటే బలపడింది.

ఈ గందరగోళానికి మూలం ఫారానికి పునాది వేసిన 2008 నాటి చట్టంలో లేదు. 2021 మార్చిలో కోవిడ్ సహాయ చట్టంలో చేర్చిన ఒక నిబంధనలో ఉంది. అది పరిమితిని ఒక్కసారిగా 600 డాలర్లకు దించి, లావాదేవీల సంఖ్య షరతును తొలగించింది. కొత్త పన్నేదీ విధించకపోయినా, చిన్న అమ్మకందారులకు అది కొత్త పన్నులాగే తోచింది. అందుకు వారిని తప్పుపట్టలేం.

ఫారంలో కనిపించేది స్థూల మొత్తం. వేదిక పట్టుకున్న కమీషన్‌ను గానీ, కొనుగోలుదారుకు తిరిగి ఇచ్చిన సొమ్మును గానీ అందులోంచి తీసివేయరు. పాత సోఫాను కొన్న ధర కంటే తక్కువకు అమ్ముకున్నవారికి లాభమూ లేదు, పన్నూ లేదు. అయినా ఆ సంగతి చూపించుకోవలసిన భారం వారిదే. ఇంటి సామాను రసీదులను ఏళ్ల తరబడి దాచేవారు అరుదు. ఇతరుల నుంచి సమాచారం అందని ఆదాయంలో సగానికి పైగా లెక్కల్లోకి రావడం లేదన్న ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వాదన నిజమే గానీ, దానికి ఎంచుకోవాల్సిన మార్గం ఇది కాదు.

అమలు దగ్గరే ఆ సంగతి బయటపడింది. ఫారాలు చేరాల్సిన గడువుకు నెల పైచిలుకు ముందు, 2022 డిసెంబర్ 23న, ఐఆర్‌ఎస్ ఏడాది వాయిదా ప్రకటించింది. 4.4 కోట్ల ఫారాలు వెళ్లవచ్చన్న అంచనా నడుమ 2023 నవంబర్‌లో మళ్లీ వాయిదా వేసింది. 2024కు 5,000, 2025కు 2,500, ఆపై 600 డాలర్లంటూ 2024 నవంబర్‌లో దశలు ప్రకటించింది. రెండో దశ నడుస్తుండగానే కొత్త చట్టం 2021 మార్పును వెనకటి తేదీ నుంచే రద్దు చేసింది. అలా 600 డాలర్ల నిబంధన ఫెడరల్ స్థాయిలో ఒక్క ఏడాది కూడా అమలు కాలేదు.

అయితే మసాచుసెట్స్, వెర్మాంట్ వంటి రాష్ట్రాలు తమ సొంత 600 డాలర్ల పరిమితినే పాటిస్తున్నాయి. స్వయం ఉపాధిలో ఖర్చులు పోను 400 డాలర్లు మిగిలితే, ఫారం అందినా అందకపోయినా రిటర్ను దాఖలు చేయాల్సిందే.