పసుపు కుంకుమ భూమి: దక్షిణ తెలంగాణలో ఆడబిడ్డ ఆస్తి హక్కు వెనుక చరిత్ర

తండ్రి చనిపోయిన తర్వాత భూమిని వారసుల పేరు మీదికి మార్చడాన్ని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇప్పటికీ విరాసత్ అనే అంటారు. ఆ పని మీద తహసీల్దారు కార్యాలయానికి వచ్చిన కుటుంబాన్ని కాసేపు గమనిస్తే, అన్నదమ్ములు గుమాస్తా బల్ల ముందు నిలబడి ఉంటారు, అత్తగారి ఊళ్ల నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన అక్కాచెల్లెళ్లు వరండాలో కూర్చుని ఉంటారు. తమకు అభ్యంతరం లేదని రాసి ఉన్న కాగితం వాళ్ల దగ్గరికి వస్తుంది. చూపించిన చోట సంతకం చేస్తారు, లేదా వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలిని కొంగుకు తుడుచుకుంటారు. సాయంత్రం తల్లిగారింట్లో చీర పెట్టి, ఒడిబియ్యం పోసి సాగనంపుతారు.

ఎవరూ బలవంతం చేసినట్టు కనిపించదు. అయినా భాగం అడిగితే తల్లిగారిల్లు దూరమవుతుందన్న భయం, బతుకమ్మ పండుగకు తోలుకపోయేందుకు తమ్ముడు రాడేమోనన్న దిగులు ఆ వేలిముద్ర వెనుక ఉంటాయి. పెళ్లినాడు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో ఇచ్చామన్న మాట కూడా అక్కడ వినిపిస్తుంది. అలా ఇచ్చిన భూమి చాలా చోట్ల నోటిమాటగానే మిగిలి, కాగితంలో తండ్రి పేరు మీదనే సాగింది. ఒక సమాజంలో స్త్రీ స్థానం ఏమిటో తెలుసుకోవాలంటే ఆమె తన పేరుతో ఏమి ఇవ్వగలిగిందో, ఏమి నిలుపుకోగలిగిందో చూడాలని నేను నమ్ముతాను. ఆ కొలతతో చూడటానికి ఈ నేల మీద సాక్ష్యాలు తక్కువేమీ లేవు.

నల్లగొండ జిల్లా దక్షిణపు అంచుకు ఎదురుగా, కృష్ణానది ఆవలి ఒడ్డున, నేడు నాగార్జునసాగర్ జలాశయం పరచుకున్న చోట, క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడి మహాచైత్యానికి, అంటే పెద్ద బౌద్ధ స్తూపానికి, స్తంభాలు నిలిపి, ప్రధాన దాతగా శాసనాల్లో నిలిచిన వ్యక్తి శాంతిశ్రీ. ఆమె శాంతమూల మహారాజుకు తోడబుట్టినది, మహాతలవరుడనే ఉన్నతాధికారి స్కందశ్రీకి భార్య, శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడికి మేనత్త. శాంతమూలుడు వైదిక యజ్ఞాలు చేసిన రాజైనా, అదే ఇంటి ఆడవాళ్లు తమ ధనంతో, తమ ఎంపికతో బౌద్ధాన్ని పోషించారు. బోధిశ్రీ అనే ఉపాసిక, అంటే సంసారంలో ఉన్న బౌద్ధ భక్తురాలు, రాజవంశీకురాలు కాకపోయినా చైత్యగృహాన్ని కట్టించగలిగింది. ఇక్ష్వాకు రాజులు వాసిష్ఠీపుత్రుడు, మాఠరీపుత్రుడు అని తల్లి గోత్రనామంతో తమను చెప్పుకున్నారు. ఇంత మాత్రాన ఆ సమాజం స్త్రీల ఏలుబడిలో ఉందనుకోవడం పొరపాటే, ఎందుకంటే సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. దానం చేసే చేయి మాత్రం ఆమెకు ఉంది.

ఆ చేయి తర్వాతి శతాబ్దాల్లోనూ కనిపిస్తుంది. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో శివాలయం కట్టించింది. గుడికి ఆమె పేరే నిలిచి, ఎరకేశ్వరాలయమైంది. మెరిసే నల్లరాతి స్తంభాల మధ్య నిలబడి ఆ పేరు పలికినప్పుడు, ఎనిమిది వందల ఏళ్ల నాటి ఒక రెడ్డి సామంతుడి ఇంట్లో భార్య పేరుకు గుడి కట్టేంత విలువ ఉండేదన్న సంగతి మనసుకు తాకుతుంది.

అంతకు వంద ఏళ్ల ముందు ఈ ప్రాంతం కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. ఆలేరు సమీపంలోని కొలనుపాక వారికి ముఖ్య కేంద్రం. ఆ వంశపు ఆరవ విక్రమాదిత్యుడి కాలంలోనే విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యానం రాశాడు. నేటి విరాసత్ తగాదాల మూలం ఆ గ్రంథంలోనే ఉంది. తాతల ఆస్తిలో కొడుక్కు పుట్టుకతోనే హక్కు వస్తుందని చెప్పిన మితాక్షర, కూతురికి అది ఇవ్వలేదు. అదే విజ్ఞానేశ్వరుడు స్త్రీధనాన్ని, అంటే స్త్రీ సొంత ఆస్తిని, నిర్వచిస్తూ, వారసత్వంగా వచ్చినది, కొన్నది, పంపకంలో దక్కినది, దొరికినది కూడా ఆమె సొంతమేనని విశాలంగా చెప్పాడు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో బ్రిటిష్ ఇండియాకు చివరి అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ ఆ విశాలార్థాన్ని ఒప్పుకోలేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తిని స్త్రీ బతికున్నంత కాలం అనుభవించవచ్చునే తప్ప దాని మీద పూర్తి హక్కు లేదన్న భావనే చలామణిలో నిలిచింది. అందుకే ఆడవాళ్లకు హక్కులు లేకపోవడం అనాదిగా వస్తున్న ఆచారమని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. కొన్ని హక్కులు మధ్యలో పోయాయి, పోగొట్టిన చేతులు చరిత్రలో కనిపిస్తూనే ఉన్నాయి.

రాజ్యం ఏలిన స్త్రీని సైతం ఆమె కాలం ఎలా చిత్రించిందో చెప్పే రాయి నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఉంది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి దేవుడికి భూమి ఇచ్చాడని 1289 నవంబరు నాటి ఆ శాసనం చెబుతుంది. అది వెలుగులోకి వచ్చేదాకా ఆమె 1295 వరకు జీవించిందని చరిత్ర పుస్తకాలు రాశాయి. తండ్రి గణపతిదేవుడికి కొడుకులు లేక రాజ్యం ఆమెకు వచ్చింది. అయినా ఆమె రుద్రదేవ మహారాజు అన్న పురుష నామంతో శాసనాలు వేయవలసి వచ్చింది. ఆమె న్యాయపాలనను మెచ్చుకున్న మార్కో పోలో, ఆమెను చనిపోయిన రాజు భార్యగా రాసిపెట్టాడు. కూతురు తండ్రి గద్దె మీద కూర్చుంటుందన్నది ఆ యాత్రికుడి ఊహకు అందలేదని అనుకుంటాను. సొంత గడ్డ మీద మగపేరు, పరాయి పుస్తకంలో వితంతువు వేషం ఆమెకు దక్కాయి.

అలంపురంలో జోగులాంబను అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటిగా కొలుస్తారు. అక్కడి మ్యూజియంలోని లజ్జాగౌరి శిల్పానికి తల ఉండవలసిన చోట తామరపువ్వు ఉంటుంది. సంతానం కోరే స్త్రీలు మొక్కుకునే ఆ రూపంలో సృష్టిశక్తికి ఎంత గౌరవం ఉందో, ముఖం లేకపోవడం నన్ను అంతగా ఆలోచనలో పడేస్తుంది.

అలంపురం ఉన్న అదే పాలమూరు (మహబూబ్‌నగర్) సీమలో దేవత పేరుతోనే జోగిని ఆచారం సాగింది. ఎల్లమ్మకో, ఊరి దేవుడికో పెళ్లి చేశామంటూ దళిత కుటుంబాల ఆడపిల్లలను చిన్ననాడే సమర్పించి, తర్వాత ఊరి పెద్దల పాలు చేశారు. దేవుడి భార్య అన్న పేరు ఆమెకు గుంట భూమి కూడా తెచ్చిపెట్టలేదు, ఆమె బిడ్డకు బడి రిజిస్టరులో తండ్రి పేరు రాయించలేదు. ఈ ఆచారాన్ని నిషేధించే చట్టం 1988లో గానీ రాలేదు. నిజాం కాలపు దొరల గడీల్లో ఇంకో ఆచారం ఉండేది. కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు నగలతో, పశువులతో పాటు దాసీ యువతులను కూడా పంపేవారు. వారిని ఆడబాపలు అనేవారు. ఒకవైపు గద్వాల సంస్థానాన్ని ఆదిలక్ష్మీదేవమ్మ ఏలుతున్న రోజుల్లోనే, ఇంకోవైపు ఆస్తి ఉండటం మాట అటుంచి, తానే ఆస్తి లెక్కలో చేరిన స్త్రీలు ఈ నేల మీద ఉన్నారు. రాణుల పేర్లు చెప్పి పూర్వం స్త్రీకి గొప్ప స్థానం ఉండేదనే వాళ్లు ఈ ఆడబాపలను లెక్కలో వేసుకోరు.

చదువుకున్న కుటుంబాల స్త్రీలు 1930 నుంచి, నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభతో పాటు తమ మహిళా సభలను నడిపారు. 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో అవి జరిగాయి. బాల్యవివాహాలు, ఘోషా (పరదా), ఆడపిల్లల చదువు అక్కడ చర్చకు వచ్చాయి.

భూమి ప్రశ్నను ముందుకు తెచ్చింది మాత్రం చాకలి ఐలమ్మ. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని పాలకుర్తిలో ఆమె కౌలు భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ ఊరి సంఘం అండతో ఆ గింజలను తన ఇంటికి చేర్చుకుంది. కరివిరాల కొత్తగూడెం బిడ్డ మల్లు స్వరాజ్యం తెలంగాణ సాయుధ పోరాట దళంలో పనిచేసింది. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. 1951లో పోరాట విరమణ జరిగాక చాలామంది స్త్రీలను ఇళ్లకు వెళ్లిపొమ్మన్నారు. 1980లలో తమ మాటలను నమోదు చేసేవాళ్లు వచ్చినప్పుడు, ఆ ఆవేదనను వాళ్లే చెప్పుకున్నారు.

చట్టం నెమ్మదిగా కదిలింది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ స్త్రీ చేతిలోని ఆస్తిపై ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరణ, మితాక్షర కొడుకులకే ఉంచిన పుట్టుక హక్కును కూతుళ్లకూ ఇచ్చింది గానీ, అప్పటికే పెళ్లైన వారిని వదిలేసింది. ఆ తేడాను 2005 కేంద్ర సవరణ తొలగించింది. ఈ హక్కు రావాలంటే, సవరణ అమల్లోకి వచ్చిన ఆ ఏడాది సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండవలసిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగి, రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడరు.

ఇన్ని చట్టాలు దాటి వచ్చిన హక్కే వరండాలో ఒక్క వేలిముద్రతో వదిలిపోతోంది. దాని ధర అక్కడితో ఆగదు. పాలమూరు నుంచి మగవాళ్లు హైదరాబాద్‌కో ముంబైకో వలసపోతే నాటు, కలుపు, కోత ఆడవాళ్ల మీదనే పడతాయి. 2018లో మొదలైన రైతుబీమా మాత్రం 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతేనే కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తుంది. ఏళ్ల తరబడి ఆ మడిని సాగు చేసిన మనిషి పొలంలో పాము కరిచి చనిపోయినా, పట్టాదారు పాసుబుక్కులో పేరు లేకపోతే, ఆమె రైతుగా చనిపోయినట్టు ఏ కాగితంలోనూ ఉండదు.